అవతలివాడి కోరిక

మలంచా, ఖరగ్‌పూర్
జూన్ 3

మావయ్యకు,

నమస్కారం. ఆమదాలవలసలో ఎండలు ఎలా ఉన్నాయో అడగను, ఇక్కడి కంటే ఎక్కువ ఉండవు. ఫోన్ చేద్దామంటే నీ చెవులు వర్క్‌షాపులో రివిట్ల మోతకే అరిగిపోయాయి. మెసేజ్ పెడితే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయంటావు. అందుకే ఈ ఉత్తరం.

నీతో పని పడింది. కెనడాలో నర్సు ఉద్యోగానికి పెట్టుకున్న సంగతి అమ్మ చెప్పే ఉంటుంది. కాగితాలన్నీ అయ్యాయి, ఇంగ్లీషు పరీక్ష ఒక్కటే మిగిలింది. మాట్లాడే భాగంలో ఏడు రావాలి. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ ఆరు దగ్గరే ఆగిపోయింది. మూడోసారి నవంబరు ఇరవై రెండున. అప్పుడూ రాకపోతే గడువు అయిపోతుంది, నా ఫైలు మూసేస్తారు. మళ్ళీ మొదటినుంచి పెట్టుకునే వయసూ ఓపికా నాకు లేవు.

నన్ను ముంచుతున్నది ఒకే ఒక ప్రశ్న. తెర మీద రెండు బొమ్మలు చూపిస్తారు. ఒకటి నేను ఎంచుకోవాలి. మన ఇంటి మనిషెవరో రెండోదే బాగుందన్నాడనుకుని, కాదు నాదే మేలని ఒక్క నిమిషంలో అతన్ని ఒప్పించాలి. ఎదురుగా మనిషి ఉండడు, మైకు ఉంటుంది. పోయినసారి రెండు సోఫాలు ఇచ్చారు. నేను చెక్క సోఫా అన్నాను, బాబాయి తోలు సోఫా అన్నాడట. "బాబాయ్, మీరన్నదీ నిజమే, తోలుది మెత్తగా ఉంటుంది" అని మొదలుపెట్టాను. నిమిషం అయ్యేసరికి తోలు సోఫా కొనేశాం.

గోల్‌బజార్‌లో బట్టల కొట్టు మీద కోచింగ్ చెప్పే జెఫ్రీ సార్ ఆ రికార్డింగ్ రెండుసార్లు విన్నాడు. తర్వాత "నీ ఇంగ్లీషుకేం తక్కువ లేదు, నీకు కాదనడం రాదు" అన్నాడు.

కాదన్నవాణ్ణి ఔననిపించడం నీ విద్య కదా. ముప్పై ఏళ్ళు వర్క్‌షాపు గేటు దగ్గర రైల్వే యూనియన్ తరఫున స్టూలెక్కి మాట్లాడావు. ఎలా చేసేవాడివో వివరంగా రాయి.

నీలవేణి

*

ఆమదాలవలస
జూన్ 21

నీలవేణికి,

నీ ఉత్తరం అందింది. బాబాయికి తోలు సోఫా అంటగట్టిన సంగతి చదివి నవ్వుతూంటే మా అమ్మాయి కంగారుగా వంటింట్లోంచి వచ్చింది. ఆయనెవరో అదృష్టవంతుడు.

నా విద్య అడిగావు కాబట్టి చెప్తాను. సైరన్ మోగాక గేటు తెరిస్తే సైకిళ్ళన్నీ ఒక్కసారి బయటికి వస్తాయి. అందరికీ ఇంటికి పోయే తొందరే. వాళ్ళని ఆపడానికి నాకు దొరికేది పది నిమిషాలు. ముందు తెలుగులో, వెంటనే హిందీలో, ఆ తర్వాత బెంగాలీలో, ప్రతి మాటా మూడుసార్లు. "అన్నల్లారా" అంటే మనవాళ్ళు ఆగేవారు, "భాయియో" అంటే బీహారువాళ్ళు, "దాదారా" అంటే బెంగాలీలు. ముగ్గుర్నీ ఆపాకే అసలు సంగతికి వచ్చేవాణ్ణి.

మొదటి సూత్రం: అవతలివాడి మాట వాడికంటే నువ్వే బాగా చెప్పాలి. సమ్మె వద్దనేవాడి మనసులో ఏముందో నేనే చెప్పేవాణ్ణి. ఇంటి అద్దె, పిల్ల చదువు, ముసలి తల్లి మందులు. "జగ్గారావుకి మన బాధ తెలుసురా" అనుకునేవారు. అప్పుడు మెల్లగా తిప్పేవాణ్ణి. రెండో సూత్రం: నాకేం కావాలో ఎప్పుడూ చెప్పకూడదు. ఒప్పుకోకపోతే వాడికేం పోతుందో చెప్పాలి.

ఇలా చేసి చూడు. ఏం మాట్లాడావో తెలుగులో రాసి పంపు, దిద్దుతాను. మీ అమ్మ చిలకమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మీ తమ్ముడు కిరణ్‌కుమార్ డ్యూటీకి సరిగ్గా పోతున్నాడా?

మీ మావయ్య
జగ్గారావు

*

మలంచా
జూలై 14

మావయ్యకు,

నీ సూత్రం ప్రకారమే చేశాను. పెళ్ళికి వెళ్ళడానికి బస్సు మేలా రైలు మేలా అని ఇచ్చారు. నేను రైలు అన్నాను. అవతల మేనమామ బస్సు అన్నాడు. సరే, ఆయన మాట ఆయనకంటే నేనే బాగా చెప్దామని బస్సు గొప్పతనం మొదలుపెట్టాను. ఇంటి గుమ్మంలోనే ఎక్కొచ్చు, సామాను మొయ్యక్కర్లేదు, నచ్చినచోట ఆపించుకోవచ్చు. జెఫ్రీ సార్ స్టాప్‌వాచీ చూపించేసరికి నలభై ఎనిమిది సెకన్లు అయిపోయాయి. మిగిలిన పన్నెండు సెకన్లలో రైలు కూడా మంచిదే అన్నాను.

"నీకు ఈ పాఠం ఎవరు చెప్పారు?" అన్నాడు సార్. మా మావయ్య, గేట్ మీటింగుల్లో మాట్లాడేవాడు అన్నాను. ఆయన వాళ్ళ నాన్న కూడా ఇక్కడి రైల్వేలోనే, లోకో డ్రైవరట. "ఆ మీటింగులు నాకు తెలుసు, నాన్న ఇంటికొచ్చేసరికి సాయంత్రం టీ చల్లారిపోయేది" అన్నాడు. నొచ్చుకోకు. నీకు పది నిమిషాలు ఉండేవి, నాకు ఒకటే.

అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. కిరణ్ డ్యూటీకి పోతున్నాడు. వాళ్ళుండే న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్‌కి ఆదివారం వెళ్ళి వచ్చాను. ఇద్దరూ నా పరీక్ష గురించి అడగరు, నేనూ చెప్పను. మన ఇంట్లో అది మామూలే.

ఒకటి అడుగుతాను. ఇంట్లోవాళ్ళని ఒప్పించేటప్పుడు కూడా పది నిమిషాలు తీసుకునేవాడివా?

నీలవేణి

*

ఆమదాలవలస
ఆగస్టు 5

నీలవేణికి,

మీ జెఫ్రీ సారుకి నా నమస్కారాలు చెప్పు. వాళ్ళ నాన్నకి టీ చల్లారి ఉంటుంది గాని, జీతంలో కోత పడకుండా ఆపింది ఆ మీటింగులే.

నిమిషమే అయితే పద్ధతి మార్చాలి. పలకరింపులు వద్దు, పొగడ్త ఒక్కటి చాలు. రెండే కారణాలు చెప్పు. మూడోది చెప్తే మొదటిది మర్చిపోతారు. చివర్లో ఒక ప్రశ్న వెయ్యి, దానికి అవతలివాడు అవునని తప్ప ఇంకేమీ అనలేనట్టు ఉండాలి.

ఇంట్లోవాళ్ళ సంగతి అడిగావు. ఇంట్లో ఒప్పించడం ఏముంది, పెద్దవాడు చెప్తే వింటారు. ఒకసారి రెండువేలమందిని సమ్మె మాన్పించి లోపలికి పంపించాను, ఆ కథ ఎప్పుడైనా రాస్తాను. ఆ రోజు ఎండలో నిలబడి మాట్లాడి మాట్లాడి నా గొంతు రక్తం చిమ్మింది.

వానలు పడుతున్నాయి. పెరట్లో బీరపాదు పాకింది. నీ నైట్ డ్యూటీలు తగ్గాయా?

మావయ్య

*

మలంచా
సెప్టెంబరు 9

మావయ్యకు,

రెండువేలమంది కథ నాకు తెలుసు, చిన్నప్పుడు నువ్వు వచ్చినప్పుడల్లా చెప్పేవాడివి. నాకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది. ఒక నిమిషంలో ఒక మనిషిని ఒప్పించడం నేను చూసింది ఒక్కసారే. ఆ మనిషిని నేనే.

పద్నాలుగేళ్ళ కిందటి మాట. నింపురా రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసే నాన్న ముందుగా రిటైరైతే ఆ ఉద్యోగం పిల్లల్లో ఒకరికి ఇచ్చే పథకం వచ్చింది. నాకు ఇరవై ఒకటి, కిరణ్‌కి పందొమ్మిది. ఆ ఉద్యోగానికి పది పాసైతే చాలు, ఇద్దరం పాసయ్యాం. నాకు ఆ ఉద్యోగం కావాలి, ఆ మాట అందరికీ తెలుసు. నువ్వు మా వరండాలోకి వచ్చి కూర్చున్నావు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. నువ్వు చెప్పింది నాలుగు ముక్కలు. నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"నీలా, నువ్వు తెలివైనదానివి, ఎక్కడైనా బతికేస్తావు. ఆడికి ఇది తప్పితే ఇంకో దారి నేదు. ఎండలో వానలో నువ్వు యార్డులో తిరుగుతా ఉంటే మీ అమ్మ కడుపుకి అన్నం తింటాదేటి? మీ నాన్నదీ అదే మాట, నీ మొగం సూసి సెప్పనేక నాతో అన్నాడు."

నేను చేట కింద పెట్టి సరే అన్నాను.

కోపంతో రాయడం లేదు. జెఫ్రీ సార్ మంచి నమూనా ఒకటి తెచ్చుకోమంటే నాకు ఇదే గుర్తొచ్చింది. బోర్డు మీద రాసి విడదీశాం. మొదటిది పొగడ్త, కానీ ఆ పొగడ్తతోనే నా చేతిలోది తీసుకున్నావు. రెండోదాంట్లో నీకేం కావాలో లేదు, వాడికేం పోతుందో ఉంది. మూడోది, ఒకే జవాబున్న ప్రశ్న. ఇవన్నీ నువ్వు ఉత్తరాల్లో రాసిన సూత్రాలే. నాలుగోది మాత్రం రాయలేదు. అక్కడ లేని మనిషిని తెచ్చి నిలబెట్టడం.

"యే ఆద్మీ కౌన్ హై?" అన్నాడు సార్, ఈ మాటలన్న మనిషెవరని. చెప్పాను. మొదటి మూడింటికీ మార్కులు వేసి నాలుగోది కొట్టేశాడు. "ఆ లేని మనిషి వచ్చి నేనలా అనలేదంటే ఏం చేస్తావు? పరీక్షలో ఇలాంటిది చెప్పకు" అన్నాడు.

నాన్న వచ్చి ఏమీ అనలేదులే. ఐదేళ్ళకి పోయాడు. ఆ సంగతి ఆయనతో నేనూ ఎప్పుడూ ఎత్తలేదు, ఎత్తితే బాధపడతాడని.

దుర్గా పూజలకి కోచింగు వారం రోజులు మూసేస్తారు. ఈలోగా నాకు కొత్త ప్రశ్నలు పంపు.

నీలవేణి

*

ఆమదాలవలస
అక్టోబరు 8

నీలవేణికి,

జవాబు ఆలస్యమైంది. ఒంట్లో బాగాలేదని రాద్దామనుకున్నాను. బాగానే ఉంది.

ప్రశ్న అడిగావు కాబట్టి పంపుతున్నాను. ఒక్కటే.

ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒక ఉద్యోగం. కొడుక్కి ఇవ్వాలని మేనమామ అంటున్నాడు. నువ్వు కూతురికని ఎంచుకున్నావు. నీకు ఒక నిమిషం ఉంది, మేనమామని ఒప్పించు. పెద్దవాడని ఆగకు. ఆయన మాటలోనూ న్యాయముందని మొదలుపెట్టకు.

జగ్గారావు

*

మలంచా
అక్టోబరు 24

మావయ్యకు,

పూజలయ్యాక మొదటి క్లాసులో నీ ప్రశ్న చేశాను. మొదటిసారి మైకు ముందు కూర్చుని ఏమీ అనలేకపోయాను. నిమిషమంతా ఖాళీగా రికార్డయింది. జెఫ్రీ సార్ రికార్డు బటన్ మళ్ళీ నొక్కాడు. ఐదోసారికి వచ్చింది. తెలుగులో ఇలా ఉంటుంది.

"మావయ్యా, ఉద్యోగం కూతురికి ఇవ్వాలి. ఆ అమ్మాయి ఎక్కడైనా బతుకుతుందంటున్నావు. బతకగలిగినదానికి ఏమీ ఇవ్వక్కర్లేదా? బాగా పనిచేసే చెయ్యి కదా అని దానికి గాజులు తీసేస్తామా? తమ్ముడికి వేరే దారి లేదంటున్నావు. నువ్వు వాణ్ణి అడిగావా? వాడికి గోల్‌బజార్‌లో మొబైల్ రిపేరు కొట్టు పెట్టాలని ఉంది. రోజూ మూడు ఫోన్లు విప్పి బిగించేవాడు. ఇప్పుడు వాడికి యార్డు అంటే అసహ్యం, ఆ ఉద్యోగం వదల్లేడు, అందులో ఉండలేడు. ఇద్దరు పిల్లల్లో ఒకరికి మేలు చేద్దామని ఇద్దరికీ కాకుండా చేశావు. అమ్మ అన్నం తినదన్నావు. ఆ అమ్మాయి తర్వాత నర్సింగు చదివి ఇన్నేళ్ళూ ఆసుపత్రిలో రాత్రీ పగలూ నిలబడింది. అమ్మ భోంచేసిందా అని ఎవరూ అడగలేదు. నాన్న కోరిక అన్నావు. నాన్న ఆ రోజు పక్కగదిలోనే ఉన్నాడు, దగ్గు వినిపించింది. నిజంగా ఆయన మాటే అయితే ఒక్కసారి పిలిచి ఉండాల్సింది."

యాభై ఏడు సెకన్లు. "సెవెన్ నహీ, ఏట్" అన్నాడు సార్. ఆ తర్వాత కిందికి తీసుకెళ్ళి టీ ఇప్పించాడు. ఇన్నేళ్ళుగా ఇది నాలో ఉందని నాకే తెలియదు.

ఒప్పుకున్నావా లేదా రాయి. ప్రశ్న వేసినవాడు మార్కులు కూడా వెయ్యాలి.

నీలవేణి

*

ఆమదాలవలస
నవంబరు 3

నీలా,

ఒప్పుకున్నాను.

నీ నిమిషంలో ఒక తప్పుంది. అది నీది కాదు, నాది. నాన్న కోరిక అన్నావు. కాదు. మీ నాన్న ఫారంలో నీ పేరే రాశాడు. రాసి యూనియన్ ఆఫీసుకి తెచ్చి నాకు చూపించాడు. నేను వద్దన్నాను. మన బస్తీలో ఉద్యోగం కొడుక్కి ఇవ్వడమే రివాజు, కూతురికి ఇస్తే నలుగురూ నవ్వుతారు, రేపు పెళ్ళయితే జీతం పరాయి ఇంటికి పోతుందన్నాను. బావ వినలేదు. మూడు రోజులు తిరిగాను. గేటు దగ్గర వేలమంది నా మాట వినేవారు, సొంత బావ వినకపోతే నా మొహం ఏం కావాలనుకున్నాను. అసలు కారణం అదే. మిగిలినవన్నీ అందుకోసం వెతుక్కున్నవి.

మూడోరోజు బావ ఆ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయితే దానితో నువ్వే సెప్పు, నాను సెప్పనేను" అన్నాడు. నేను వచ్చి నీకు చెప్పాను. నాలుగో ముక్క నేను కల్పించింది. బావ దగ్గాడని రాశావు. నాకూ వినిపించింది. ఆయన బయటికి వస్తాడేమోనని నీకు తొందరగా చెప్పి లేచిపోయాను.

నీ పరీక్ష ఇరవై రెండున. ఇది అయ్యాక పంపుదామని ముందు అనుకున్నాను. ఇది చదివి నీ మనసు చెదిరితే, ఫైలు మూసేస్తే, ఆ పాపమూ నాదే అవుతుంది. కానీ నీకు ఏది ఎప్పుడు తెలియాలో మళ్ళీ నేనే నిర్ణయిస్తున్నానని తోచింది. అందుకే ఇవాళే పోస్టులో వేస్తున్నాను.

క్షమించమని అడగను. అడగడం మొదలుపెడితే నా నోరు ఊరుకోదు, నిన్ను ఒప్పించడానికే చూస్తుంది.

జగ్గారావు

*

మలంచా
డిసెంబరు 12

మావయ్యకు,

పరీక్ష రాశాను. ఆ ప్రశ్నకి తాతగారి పుట్టినరోజు తోటలో చెయ్యాలా హోటల్లోనా అని ఇచ్చారు. నేను తోట అన్నాను, పెదనాన్న హోటలన్నాడు. తోటల గురించి నాకేమీ తెలియదు. ఆయన పెద్దవాడని ఆగలేదు. చుట్టూ పదిమంది తలో మైకులో తలో మాట చెప్తున్నారు, నాకు నా గొంతే వినిపించింది. నిన్న మార్కులు వచ్చాయి. ఎనిమిది. ఏప్రిల్‌లో బయలుదేరతాను.

నీ ఉత్తరం పరీక్షకి పదకొండు రోజుల ముందు అందింది. మూడు రోజులు డ్యూటీకి వెళ్ళలేదు. జెఫ్రీ సార్ ఫోన్ చేస్తే జ్వరమన్నాను. నాలుగోరోజు క్వార్టర్‌కి వెళ్ళి కిరణ్‌కి చదివి వినిపించాను. వాడు రెండుసార్లు చదివించుకుని "నాకూ ఎవరూ సెప్పనేదు అక్కా" అన్నాడు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చాడు, బూట్లు కూడా విప్పలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ నీ మీద మనసు పెట్టుకోవద్దంది, పెద్దవాడు, ఎన్నాళ్ళుంటాడంది. నేను ఏమీ మాటివ్వలేదు.

నువ్వు నాకు అన్యాయం చేశావన్నది నాకు పాత సంగతే. ఉద్యోగం పోతే పోయింది, ఇంకొకటి సంపాదించుకున్నాను. దానికి నిన్ను ఎప్పుడో వదిలేశాను. నాన్న నా పేరు రాశాడన్నది కొత్త సంగతి. పద్నాలుగేళ్ళు ఆయన నన్ను కాదన్నాడనుకుని బతికాను. చివరి ఏడాది ఆయనకి సెలైన్లు పెట్టింది నేనే, పక్క మార్చింది నేనే. ఆ ఏడాదంతా ఆయన నా మొహంలోకి చూడకపోతే తప్పు చేశానని అనుకుంటున్నాడేమో, అడిగి ఏడిపించడమెందుకని ఊరుకున్నాను. ఆయన కూడా నేను ఒప్పుకున్నానని ఊరుకున్నాడేమో. ఆ ఏడాది నువ్వు మూడుసార్లు చూడ్డానికి వచ్చావు. మంచం పక్కన కూర్చుని బత్తాయి వలిచి పెట్టావు. ఏ ఒక్కసారి చెప్పినా సరిపోయేది. ఇది నేను క్షమించలేదు. ఏప్రిల్‌లోపల క్షమిస్తానని కూడా అనుకోను.

కానీ ఆ కాగితం చూసినవాడివి నువ్వొక్కడివే. అందుకే రాస్తున్నాను. నా పేరు నీలవేణి అని రాశాడా, ఇంటిపేరుతో రాశాడా? తనే రాశాడా, ఎవరిచేతైనా రాయించాడా? నీకు చూపించేటప్పుడు నవ్వాడా? మూడు రోజులు నీతో వాదించాడన్నావు, ఏమేం అన్నాడు? నా గురించి ఏమన్నాడు? ఒక్కోటి విడివిడిగా రాయి, ఎంత పెద్ద ఉత్తరమైనా పరవాలేదు. నన్ను దేనికీ ఒప్పించనక్కర్లేదు మావయ్యా, ఆయన అన్నది అన్నట్టు రాస్తే చాలు.

నీలవేణి